తమ్ముడి చేతి మీద గడ్డ, పోలీసుల భయం, మత్తు మానడం: ఏది ముందు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ తమ్ముడికి 24 ఏళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డులో పని. ఏడాదిగా మత్తు కోసం నొప్పి ఇంజెక్షన్లు పొడుచుకుంటున్నాడు. ఎడమ మోచేతి మడత దగ్గర గడ్డ లేచి నాలుగు రోజులైంది, నిన్నటి నుంచి జ్వరం. ఆసుపత్రికి వెళితే పోలీసులకు చెప్పేస్తారని రానంటున్నాడు. మానేస్తేనే సింగ్‌నగర్ ఇంట్లో అడుగుపెట్టమని నాన్నగారు తేల్చేశారు. గుంటూరులో ఉన్న మీ బాబాయిగారు ఊరి బయట ఏదో సెంటర్లో మూడు నెలలు పెట్టేద్దామంటున్నారు. వీటిలో ఏది ముందు చేయాలని అడిగారు.

అమ్మా, గడ్డ ముందు. జ్వరం వచ్చింది కాబట్టి రేపు ఓపీ తెరిచేదాకా కూడా ఆగొద్దు. గుణదల వైపు ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) క్యాజువాల్టీకి ఈ రాత్రే తీసుకెళ్లండి. క్యాజువాల్టీ రాత్రంతా ఉంటుంది.

నేను నర్సుగా మొదలుపెట్టి, తర్వాత మత్తు వాడేవాళ్లకు వైద్యం చేసే చోట్ల చాలా ఏళ్లు పనిచేశాను. ఎక్కువగా చూసింది విజయవాడ, గుంటూరు కుటుంబాలనే. కింద రాసినదంతా ఒకే మాట మీద ఆధారపడి ఉంది: వైద్యం అందాలంటే ముందు మత్తు మానేసి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు, ఎవరూ పెట్టకూడదు. చెయ్యికి వైద్యం చెయ్యికే, మత్తుకు వైద్యం మత్తుకే. రెండూ ఒకేసారి నడవొచ్చు. మొదటిది రెండోదాని కోసం ఆగితే మనిషి దక్కకపోవచ్చు.

ఈ రాత్రి అతనితో మాట్లాడేటప్పుడు మానేయమనే మాట ఎత్తకండి. ‘చెయ్యి చూపిద్దాం రా, నేను పక్కనే ఉంటాను’ అనండి, అంతే. సెంటర్ సంగతి, నాన్నగారి కోపం, అప్పు, ఉద్యోగం అన్నీ కలిపి మొదలుపెడితే అతను లేచి వెళ్లిపోతాడు. అడిగేది ఒక్కటే అయితే ఒప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను.

గడ్డను పిండకండి. బ్లేడుతోనో సూదితోనో గుచ్చకండి. పసుపూ సున్నం కలిపి పట్టు వేయకండి. ముఖ్యంగా, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర కోయించకండి. మోచేతి మడతలోనూ గజ్జలోనూ చర్మానికి కొంచెం లోతులోనే పెద్ద ధమని వెళుతుంది. గడ్డలా కనిపించేది ఒక్కోసారి చీము కాదు. సూది తగిలి, ఇన్ఫెక్షన్ సోకి ధమని గోడ ఉబ్బితే రక్తంతో నిండిన సంచిలా తయారవుతుంది. మెల్లగా వేలు ఆనిస్తే నాడిలా కొట్టుకుంటుంది. దాన్ని బయట కోస్తే రక్తం ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే అనుమానం ఉంటే పెద్దాసుపత్రిలో స్కాన్ చేశాకే సర్జన్ చెయ్యి వేస్తారు.

బయలుదేరే ముందు బాల్ పెన్నుతో ఎర్రదనం అంచు చుట్టూ ఒక గీత గీయండి, పక్కన టైం రాయండి. డాక్టర్ చూసేసరికి ఎరుపు గీత దాటి ఎంత పాకిందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. మోచేతి నుంచి చంక వైపు ఎర్రటి చార కనిపించినా, వణుకుతో జ్వరం వచ్చినా, ఆయాసం, గుండెదడ ఉన్నా, మాట తడబడుతున్నా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. సూది వేసుకున్న వెంటనే చేతిలో మంట పుట్టి, వేళ్లు చల్లబడి తెల్లగానో నీలంగానో మారినా అంతే. అది మందు నరంలోకి కాకుండా ధమనిలోకి పోయినప్పుడు జరుగుతుంది, ఆలస్యమైతే వేళ్లు పోతాయి.

అతని దగ్గర ఖాళీ ఆంపుల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు), బిళ్లల స్ట్రిప్పులు ఏవి దొరికినా డాక్టర్‌కు చూపించండి. ఏ మందు అన్నదాన్ని బట్టి చాలా విషయాలు మారతాయి. పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ అయితే, అదే చోట పదేపదే పొడవడం వల్ల చర్మం, దాని కింద కండ చెక్కలా గట్టిపడిపోయి మానని పుండ్లు పడతాయి. బిళ్లలు నూరి నీళ్లలో కలిపి ఎక్కిస్తుంటే ఇంకా ప్రమాదం. మింగడానికి చేసిన బిళ్లలో మందుతోపాటు టాల్క్ లాంటి పొడులు ఉంటాయి, అవి కరగవు. వెళ్లి చిన్న రక్తనాళాల్లో, ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి. ఆ ఆంపుల్స్ ఏరేటప్పుడు సూదులు ఉంటే వట్టి చేత్తో ముట్టుకోకండి. మందపాటి ప్లాస్టిక్ సీసా నేల మీద పెట్టి, పట్టుకారుతో అందులో వేసి మూత బిగించండి. సూదికి మళ్లీ క్యాప్ పెట్టే ప్రయత్నం చేయొద్దు, ఎక్కువ మందికి గుచ్చుకునేది అప్పుడే. ఒకవేళ మీకు గుచ్చుకుంటే పిండకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే పనిచేయవు. 28 రోజుల కోర్సు.

ఇక పోలీసుల భయం. దీన్ని కొట్టిపారేయకండి, అతనికది నిజమైన భయం. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో మత్తు వాడటం కూడా నేరమే. సెక్షన్ 27 కింద మందును బట్టి ఆరు నెలల వరకో ఏడాది వరకో శిక్ష ఉంది. అయితే తనంతట తాను వైద్యానికి వచ్చిన రోగిని పోలీసులకు అప్పగించాలని ఆ చట్టం డాక్టర్‌కు ఎక్కడా చెప్పలేదు. పైగా అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకు గానీ, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకు గానీ కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట మత్తు వైద్యానికి స్వచ్ఛందంగా చేరితే అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మకానికి ఇది వర్తించదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 మత్తు వల్ల వచ్చే సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకుంది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంది. స్పృహ లేని స్థితిలో తీసుకెళితే మాత్రం కొన్నిసార్లు ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తారు. అది ఆసుపత్రి చేయాల్సిన నమోదు. దాన్ని చూసి భయపడి పేషెంట్‌ను వెనక్కి తెచ్చేయకండి. చేతి మీద చీము గడ్డ సర్జరీ వాళ్లు రోజూ చూసేదే.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

అడ్మిట్ చేశాక ఏం జరుగుతుందో నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. మొదటి రోజు బాగానే ఉంటాడు. చీము తీస్తారు, లోపల గాజ్ పెట్టి కట్టు కడతారు, టీటీ వేస్తారు, సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలవుతుంది. రెండో రోజు సాయంత్రానికి ఆవలింతలు మొదలవుతాయి. ముక్కు కారుతుంది, కళ్ల వెంట నీళ్లు, ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఫ్యాన్ వేస్తే చలి, ఆపేస్తే చెమట. కాళ్లు మంచం మీద నిలవవు, పిక్కలు పట్టేస్తాయి, పొత్తికడుపు మెలిపెట్టి విరేచనాలు. రాత్రి పన్నెండు దాటాక వార్డంతా పడుకుంటే అతను ఒక్కడే మంచం మీద కూర్చుని ఊగుతుంటాడు. రెండు సార్లు సిస్టర్‌ను అడుగుతాడు. ‘నువ్వు చేసుకున్నదేగా, ఓర్చుకో’ అనే సమాధానం వస్తుంది. తెల్లవారేసరికి మంచం ఖాళీ, చేతి నుంచి పీకేసిన సెలైన్ గొట్టం దుప్పటి మీద. కేస్ షీట్ మీద చెప్పకుండా వెళ్లిపోయాడని రాస్తారు. ఇంట్లోవాళ్లు, చూశారా, వీడికి బాగుపడాలని లేదంటారు.

బాగుపడాలని లేక కాదు. విత్‌డ్రాయల్‌కు, అంటే మత్తు ఆగినప్పుడు ఒంట్లో పుట్టే ఆ బాధకు, మందు ఇవ్వలేదు, అందుకే వెళ్లాడు. అది ఇచ్చి ఉంటే ఉండేవాడు. సగం యాంటీబయాటిక్‌తో బయటికి పోయినవాడే పది రోజుల తర్వాత ఇంకా ముదిరి వస్తాడు. రక్తంలోకి చేరిన క్రిములు గుండె వాల్వ్‌ల మీద పట్టుకుంటే ఎండోకార్డైటిస్ అంటారు. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించాలి. సూది వాడే మనిషికి కారణం తెలియని జ్వరం ఉంటే డాక్టర్లు రక్తం కల్చర్‌కు పంపి, గుండెకు ఎకో స్కాన్ తీసేది అందుకే. మీరు కూడా అడగండి.

కాబట్టి అడ్మిషన్ అప్పుడే, విత్‌డ్రాయల్ మొదలు కాకముందే డ్యూటీ డాక్టర్‌కు సూటిగా చెప్పండి: ‘సార్, మా తమ్ముడు రోజూ ఫలానా ఇంజెక్షన్ ఇన్నిసార్లు వాడతాడు. ఆఖరిసారి ఫలానా టైంకి వాడాడు. రేపటికి విత్‌డ్రాయల్ వస్తుంది. సైకియాట్రీకి రిఫరెన్స్ రాయండి.’ జీజీహెచ్ బోధనాసుపత్రి, సైకియాట్రీ విభాగం అక్కడే ఉంది. వాళ్లు వచ్చి చూసి బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందు మొదలుపెట్టవచ్చు. కనీసం విరేచనాలకు, నొప్పులకు, నిద్రకు, వణుకుకు విడివిడిగా మందులైనా రాస్తారు. గుంటూరు జీజీహెచ్‌లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ ఉంది, ఎక్కడ చేర్చినా ఇదే అడగండి. ఆ రెండు రాత్రులూ ఎవరో ఒకరు పక్కన ఉండండి. ఓఆర్‌ఎస్, దుప్పటి, ఫోన్ ఛార్జర్, తియ్యటి టీ. ఇవి చిన్నవే, కానీ తెల్లవారేదాకా మనిషిని మంచం మీద ఉంచేవి ఇవే.

ఇంకో సంగతి, అతను నిద్రమాత్రలు గానీ మద్యం గానీ కూడా రోజూ తీసుకుంటాడా? నిజం రాబట్టండి. నొప్పి ఇంజెక్షన్ల విత్‌డ్రాయల్ నరకంలా ఉంటుంది గానీ సాధారణంగా ప్రాణం తీయదు. రెండు మూడు రోజులకు ముదిరి, వారంలో తగ్గుముఖం పడుతుంది. మద్యం, ఆల్ప్రజోలం, డయాజెపాం లాంటివి అలా కాదు. రోజూ ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మద్యం అయితే రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, ఒళ్లంతా వణికే స్థితి వస్తుంది. వైద్యం అందకపోతే అది చంపుతుంది. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మద్యం మాన్పించబోయి కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు.

సెలైన్‌కు నరం దొరక్క సిస్టర్లు ఐదారుసార్లు పొడుస్తారు. అతన్నే అడగమని చెప్పండి. ఏ నరం గట్టిపడింది, ఏది ఇంకా పనిచేస్తుందో తన చేతుల గురించి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నేను ట్రే కింద పెట్టి, ‘ఏది దొరుకుతుందో నువ్వే చెప్పు బాబూ’ అని అడిగిన ప్రతిసారీ తలెత్తి నా ముఖం వంక చూసేవాళ్లు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి ఉన్నవాళ్లే, ఆ తర్వాత ఏం వాడుతున్నారో, ఎక్కడ పొడుచుకుంటున్నారో దాచకుండా చెప్పేవాళ్లు.

నొప్పి తగ్గించే మందు కూడా అడగండి. ‘వీడు నొప్పి మందు కోసమే నాటకం ఆడుతున్నాడు’ అనే మాట వినపడొచ్చు. చీము తీసిన చెయ్యి ఎవరికైనా నొప్పే. ఇలాంటి మందులు అలవాటైన ఒంటికి మామూలు డోసు చాలదు కూడా. ముందే బ్యుప్రెనార్ఫిన్ మీద ఉంటే దాన్ని ఆపకుండా వేరే నొప్పి మందులు కలిపి ఇవ్వొచ్చు.

చెయ్యి మానుతుండగా తర్వాతి దారి చూడాలి. అతను వాడేది నల్లమందు జాతిదైతే, అంటే పెంటజోసిన్, బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లు, ట్రమడాల్, టపెంటడాల్, హెరాయిన్ వగైరా అయితే, ఓఎస్‌టీ అనే వైద్యం ఉంది, అంటే ఆ మత్తుకు బదులు డాక్టర్ పర్యవేక్షణలో మందు ఇవ్వడం. బ్యుప్రెనార్ఫిన్ బిళ్ల నాలుక కింద పెట్టుకుంటారు, కరిగేదాకా సిబ్బంది ముందే కూర్చుంటారు. నాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ద్వారా ఇది ఉచితం. సాధారణంగా 2 నుంచి 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, విత్‌డ్రాయల్ లేకుండా, ఇంకా కావాలనే తపన తగ్గేదాకా డాక్టర్ పెంచుతారు. ఒకటి గుర్తుంచుకోండి, మొదటి బిళ్ల వేసే ముందు ఒంట్లో పాత మందు దిగిపోయి విత్‌డ్రాయల్ మొదలై ఉండాలి. ఆఖరిసారి వాడి కనీసం 8 నుంచి 12 గంటలు గడవాలి. తొందరపడి ముందే వేస్తే ఆ బిళ్లే ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. ‘ఆ మందు నాకు పడలేదు’ అని వదిలేసినవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమేగా’ అని మీ నాన్నగారు అంటారు. అందరు నాన్నలూ అంటారు. ఆయనకు ఇలా చెప్పండి. ఇంజెక్షన్ నిమిషాల్లో ఎక్కి గంటల్లో దిగిపోతుంది, దిగగానే మళ్లీ కావాలి, రోజంతా దాని వెంటే పరుగు. ఈ బిళ్ల మెల్లగా ఎక్కి రోజంతా ఒకేలా ఉంటుంది. ఒక స్థాయి దాటాక డోసు పెంచినా ప్రభావం పెరగదు, కాబట్టి శ్వాస ఆగిపోయే ప్రమాదం చాలా తక్కువ. సూది ఉండదు. పొద్దున బిళ్ల వేసుకుని ఆటోనగర్‌లో ఎనిమిది గంటలు స్పానర్ పట్టుకుని పనిచేసి ఇంటికి రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో బ్యుప్రెనార్ఫిన్‌నూ మెథడోన్‌నూ చేర్చింది. ఎన్నాళ్లు వాడాలంటే, నెలల లెక్క కాదు, ఏడాదీ అంతకు మించీ. కుదురుకున్నాడు కదా అని రెండు నెలలకే ఆపిస్తే మళ్లీ సూది దగ్గరికే వెళతాడు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఈ బిళ్ల బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి టీబీ కోర్సు మొదలైతే రెండుచోట్లా చెప్పాలి, డోసు సవరిస్తారు.

ట్రీట్‌మెంట్ కార్డుకు ఫొటో తీసి మీ ఫోన్లోనూ ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మీ సింగ్‌నగర్‌లో ఇళ్లలో కాగితం ముక్క మిగలలేదు కదా. డోసు ఎంతో తెలియకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. గంజాయి సంగతి మీరు చివర్లో అడిగారు. దానికి ఇలాంటి బిళ్ల లేదు, కౌన్సెలింగే వైద్యం. ఇప్పుడు దాని గురించి పోట్లాడకండి.

బాబాయిగారు చెప్పిన సెంటర్ విషయం. మంచి కేంద్రాలు లేవని కాదు. కానీ అక్కడ డాక్టర్ ఉంటారా, విత్‌డ్రాయల్‌కు ఏ మందు ఇస్తారు, రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, వారానికోసారి వెళ్లి తమ్ముడితో విడిగా మాట్లాడనిస్తారా అని ఆయన్ని అడగమనండి. ఈ నాలుగింటికి సరైన జవాబు రాకపోతే వద్దు. మనిషిని అతని ఇష్టం లేకుండా మూడు నెలలు తాళం వేసి ఉంచే అధికారం అక్కకూ బాబాయికీ లేదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం అలా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి, అదీ మొదట 30 రోజుల వరకే. ఆపైన ఉంచాలంటే రివ్యూ బోర్డు అనుమతి కావాలి. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది.

చట్టం ఒక ఎత్తు, ఒళ్లు ఇంకో ఎత్తు. మూడు నెలలు మత్తు తగలని ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి పోతుంది. మనసులో మాత్రం పాత డోసే గుర్తుంటుంది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో, ఏదో ఒక సాయంత్రం పాత స్నేహితుడు కలిసి, మునుపు వేసుకున్నంతే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి వచ్చినవాళ్లకూ ఇదే ప్రమాదం. ‘మూడు నెలలు శుభ్రంగా ఉన్నాడండీ, ఇంటికొచ్చిన వారానికే పోయాడు’ అని ఏడ్చే అమ్మల దగ్గర కూర్చున్నాను. మందు లేకుండా తాళం మాత్రమే వేసే సెంటర్లంటే నాకు భయం అందుకే.

ఓవర్‌డోస్ అయితే ఏం చేయాలో ఇంట్లో అందరూ తెలుసుకోండి, నాన్నగారితో సహా. పిలిచినా, గట్టిగా కుదిపినా లేవడు. గురకలాంటి గరగర శబ్దం వస్తుంది. ఊపిరి ఎప్పుడో ఒకసారి తీస్తాడు. పెదాలు, గోళ్లు నీలంగా, కంటిపాప చుక్కలా చిన్నదిగా ఉంటుంది. ‘మత్తులో పడుకున్నాడులే, దిగాక లేస్తాడు’ అని వదిలేసేది ఆ గరగర వినే. వదిలేయకండి. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదు సెకన్లకో ఊపిరి ఊదండి, ఛాతీ పైకి లేవాలి. ఊపిరి తనంతట తాను తీస్తుంటే ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి. స్పృహ లేని మనిషి గొంతులో పోసిందేదైనా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. బిందెతో నీళ్లు కుమ్మరించడం వల్ల టైం పోతుంది తప్ప ఊపిరి రాదు.

ఆసుపత్రిలో నాలక్సోన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. నల్లమందు జాతి మందుల ప్రభావాన్ని నిమిషాల్లో వెనక్కి తిప్పేస్తుంది. లేచి కూర్చోగానే ఇంటికి పోతానంటాడు, పంపకండి. నాలక్సోన్ అరగంట నుంచి గంటన్నర మాత్రమే పనిచేస్తుంది, అతను వేసుకున్న మందు అంతకంటే ఎక్కువ సేపు ఉంటుంది. అది దిగగానే మళ్లీ ఊపిరి ఆగవచ్చు. సైకియాట్రీ డాక్టర్‌ను, ఓఎస్‌టీ సిబ్బందిని నాలక్సోన్ గురించి ముందుగానే అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నగారికి మింగుడు పడదు. అయినా రాస్తున్నాను. ఓఎస్‌టీ కుదిరేలోపు అతను మళ్లీ సూది వాడే అవకాశం ఉంది. వాడితే ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి ఉండాలి. దూది, నీళ్లు, మందు కలిపే గిన్నె కూడా ఎవరితోనూ పంచుకోకూడదు. హెపటైటిస్ సీ వైరస్ వాడేసిన సిరంజిలో వారాల తరబడి బతికి ఉండగలదు. చేతులు సబ్బుతో కడుక్కుని, చర్మం స్పిరిట్‌తో తుడవాలి. మెడలో, గజ్జలో, వాచిన చోట ఎప్పుడూ వద్దు. నిద్రమాత్రలు, మద్యం కలిపి వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు, లోపల గడియ పెట్టుకుని వద్దు. బాత్‌రూమ్ తలుపుకు లోపలి గడియ తీసేయించండి.

ఇలా చెప్పడం ప్రోత్సహించడం అవుతుందా అని చాలామంది అడుగుతారు. కొత్త సూది చేతికి అందినందువల్ల మత్తు మొదలుపెట్టినవాడిని నేను చూడలేదు. పాత సూది వల్ల హెచ్‌ఐవీ తెచ్చుకున్నవాళ్లను చూశాను. మన దేశంలో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం హెచ్‌ఐవీ రాకుండా శుభ్రమైన సూదులు ఇవ్వడం, మత్తుకు బదులు మందు ఇవ్వడం నేరం కాదని అందులోని సెక్షన్ 22 స్పష్టంగా చెబుతోంది. ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో ప్రచురించిన జాతీయ సర్వే దేశంలో సూదితో మత్తు వాడేవాళ్లు 8.5 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది. వాళ్లందరూ ఎవరో ఒకరి తమ్ముళ్లే, కొడుకులే, కొందరు అక్కచెల్లెళ్లు కూడా.

చేయించాల్సిన పరీక్షలు మూడు. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో ఉచితం, అతని అనుమతి లేకుండా చేయరు, ఫలితం అతనికే చెబుతారు. పాజిటివ్ అయినా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితం, రోజుకో బిళ్లతో నిండు జీవితం గడపొచ్చు. హెపటైటిస్ బీ పరీక్షలో లేదని తేలితే టీకా మూడు డోసులు వేయించండి. హెపటైటిస్ సీ యాంటీబాడీ పాజిటివ్ అనగానే కంగారు పడకండి, కొందరిలో వైరస్ దానంతటదే పోతుంది. వైరల్ లోడ్ పరీక్షలో ఉందని తేలితేనే మందు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఆ పరీక్షలూ మందులూ ఉచితం. సొఫోస్బువిర్, డాక్లాటాస్విర్ బిళ్లలు 12 వారాలు వేసుకుంటే నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఒకప్పుడు లక్షలు పోసి, ఇంజెక్షన్లతో నెలల తరబడి నరకం పడి కూడా సగం మందికే తగ్గేది. ఇంకా వాడుతున్నాడు కాబట్టి ఇవ్వం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, వాడుతున్నవాళ్లకూ ఆ మందు పనిచేస్తుంది.

నాన్నగారి షరతు గురించి. ఆయన కోపం వెనక ఉన్న భయం నాకు తెలుసు. కానీ ఇంట్లో పడుకునే మనిషికి రాత్రి ఊపిరి ఆగితే ఎవరో ఒకరికి వినపడుతుంది. రైల్వే స్టేషన్ దగ్గరో, ఏ ఫ్లైఓవర్ కిందో పడుకుంటే వినేవాళ్లుండరు. డబ్బు చేతికి ఇవ్వనని చెప్పే హక్కు ఆయనకుంది. వస్తువులు అమ్మితే ఊరుకోననొచ్చు. ఇంట్లో వాడొద్దని కూడా గట్టిగా చెప్పొచ్చు. అన్నం, పక్క, ఆసుపత్రికి బస్సు ఛార్జీ మాత్రం షరతుల్లో పెట్టొద్దని నా మాటగా చెప్పండి. కావాలంటే ఓపీ రోజున ఆయన్నే వెంట రమ్మనండి. డాక్టర్ నోటితో వింటే కొంతమంది నాన్నలు మెత్తబడతారు.

ఫోన్ నంబర్లు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే డీ అడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. 1097 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ హెల్ప్‌లైన్. మీకు దగ్గర్లో ఓఎస్‌టీ ఎక్కడ, ఏ వేళల్లో ఇస్తున్నారో అక్కడ అడగండి, జీజీహెచ్ ఐసీటీసీ కౌన్సిలర్‌ను కూడా అడగండి. 1972 మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ విభాగానిది, అంటే పోలీసులది. ఎవరైనా మందు అమ్ముతున్నారని చెప్పాలంటే దానికి చేయండి. తమ్ముడి వైద్యం గురించి అడగడానికి మొదటి రెండూ చాలు. 14416 టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, దాంట్లో తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ కోసం, మీ అమ్మగారి కోసం. ఆమె వారం రోజులుగా నిద్రపోవడం లేదని రాశారు.

ఆధార్ కార్డు, ఆ ఖాళీ ఆంపుల్స్ కవర్లో వేసుకుని బయలుదేరండి. అడ్మిట్ చేశాక డాక్టర్లు ఏమన్నారో, ఏ మందులు రాశారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.